సీసా మీది మాట

పల్నాడు పేరు వినగానే సాహిత్యం చదివినవారి మనస్సులో కారెంపూడి రణరంగం, మాచర్ల చెన్నకేశవస్వామి ఆలయం, బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, బాలచంద్రుడు వరుసగా నిలుస్తారు. ఆ వీరగాథను ద్విపదలో నిలిపిన శ్రీనాథుని పేరుమీదనే ఈ సీమలోని జొన్నకూటిని, నీటి ఎద్దడిని ఎగతాళి చేసిన చాటువులు కూడా ప్రచారంలో ఉన్నాయి. సన్నబియ్యపు అన్నానికి, రాజాస్థానాల వైభవానికి అలవాటుపడిన కవిసార్వభౌమునికి ఈ నేల కరుకుగా తోచి ఉంటుంది. ఆ నేల రూపం ఐదు శతాబ్దాల తరువాత మారింది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ నీరు పారిన నల్లరేగడి భూముల్లో జొన్న వెనుకబడి పత్తి, మిరప ముందుకు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. శీతకాలంలో ఆ జిల్లాలో ప్రయాణించేవారికి ఒకవైపు తెల్లగా విచ్చుకున్న పత్తిచేలు, మరొకవైపు కళ్లాల్లో ఆరబోసిన ఎర్రని మిరపకాయలు కనువిందు చేస్తాయి.

పత్తి వెంట పురుగు వచ్చింది. పురుగు వెంట సీసా వచ్చింది. 1980వ దశకంలో సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే కొత్తరకం మందులు పత్తిచేలలోకి ప్రవేశించినప్పుడు మొదట వాటి ఫలితం రైతులను అబ్బురపరచింది. కొన్నాళ్లకే పురుగు ఆ మందులకు అలవాటుపడింది. అంతకుముందు లెక్కలోనే లేని తెల్లదోమ మేఘంలా కమ్ముకుంది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు దెబ్బతిని, కొందరు ప్రాణాలే తీసుకున్న వైనం దేశమంతటా చర్చకు వచ్చింది. ఆ విషాదానికి కారణాలు అనేకం. అప్పు ఉంది, ధర ఉంది, వాతావరణం ఉంది. వాటి మధ్య ఎవరూ అంతగా పట్టించుకోని చిన్న వస్తువు మరొకటి ఉంది. అది సీసా మీద అంటించిన కాగితం. సీసా వెంట మడిచి ఇచ్చే మరొక కాగితం.

గురజాల ప్రాంతంలో ఏ ఊరిలోనైనా సాయంకాలం వేళ కనిపించగల దృశ్యం ఇది. తండ్రి పట్నం నుంచి మందు తెచ్చి అరుగు మీద పెడతాడు. ఇంట్లో ఇంటర్మీడియట్ చదివే కుమార్తె ఉంటే ఆ మడతకాగితం ఆమె చేతికి వెళ్తుంది.

“ఏందమ్మా రాశారు అందులో?”

“ఉండు నాన్నా, అక్షరాలు కనపడట్లా.”

“ట్యాంకుకు ఎన్ని మూతలు పొయ్యాలంటనో చూడు.”

“మూతల లెక్క లేదు నాన్నా. హెక్టారుకు ఇంతని ఉంది.”

“హెక్టారంటే?”

“రెండెకరాల నలభై ఏడు సెంట్లు.”

“మరి మనది ఎకరం ముప్పై సెంట్లే గదా!”

ఇక్కడ నవ్వుకోవలసింది లేదు. ఆ కాగితం అబద్ధం చెప్పలేదు. దాని లెక్క తప్పు కూడా కాదు. హెక్టారుకు 1000 మిల్లీలీటర్ల మందు, 500 లీటర్ల నీరు అని ఉన్నదనుకుందాం. లీటరు నీటికి 2 మిల్లీలీటర్లన్నమాట. వీపున తగిలించుకొనే 16 లీటర్ల ట్యాంకుకు 32 మిల్లీలీటర్లు. ఈ చివరి అంకె ఒక్కటే రైతుకు కావలసింది. దానిని చేరుకోవడానికి అతడు హెక్టారు నుంచి ఎకరానికి, ఎకరం నుంచి లీటరుకు, లీటరు నుంచి ట్యాంకుకు మూడు మెట్లు దిగాలి. ప్రతి మెట్టు దగ్గరా కాలు జారే వీలుంది. జారిన చోట రైతు ఆగిపోడు. చేలో పురుగు ఆగదు కనుక. అతడు దుకాణదారుని మాట నమ్మి, మూతతో కొలిచి, ఎందుకైనా మంచిదని మరొక మూత కలుపుతాడు. మూతలన్నీ ఒకే పరిమాణంలో ఉండవన్న సంగతి మూతకు తెలియదు, కాగితం చెప్పదు.

ఈ కాగితం వెనుక ఒక చట్టం ఉంది. ఆ చట్టం వెనుక ఒక మరణవార్త ఉంది. 1958లో కేరళలో కలుషితమైన గోధుమపిండి తిని వందమందికి పైగా మరణించారు. ఓడలో పిండిబస్తాలను, పారాథియాన్ అనే పురుగుమందును దగ్గరదగ్గరగా ఉంచగా, కారిన మందు పిండిలోకి ఇంకింది. ఆ ఘటనపై విచారణ జరిగింది. తదనంతరం 1968లో పార్లమెంటు కీటకనాశినుల చట్టం చేసింది. 1971లో నియమావళి వచ్చింది. ప్రతి సీసా మీద ఏమి ముద్రించాలో, మడతకాగితంలో ఏ విషయాలు ఉండాలో, అవి ఏ భాషలలో ఉండాలో ఆ నియమావళి నిర్దేశించింది. హిందీ, ఇంగ్లీషులతోపాటు మందు అమ్ముడుపోయే ప్రాంతపు భాషలు ఒకటి రెండు ఉండాలన్న నిబంధన వల్లనే తెలుగు ఆ సీసా మీదికి ఎక్కింది.

నియమావళి ఒక బొమ్మను కూడా నిర్ణయించింది. చతురస్రాన్ని నలభై ఐదు డిగ్రీలు తిప్పి నిలబెడితే వజ్రంలా కనిపిస్తుంది. దానిని అడ్డంగా రెండు త్రిభుజాలు చేస్తారు. కింది త్రిభుజంలో రంగు నింపుతారు. పై త్రిభుజంలో గుర్తునూ, హెచ్చరిక పదాన్నీ ఉంచుతారు. అత్యంత విషపూరితమైన మందుకు ఎరుపు, దాని తరువాతి తరగతికి పసుపు, ఆ తరువాత నీలం, అన్నిటికంటే తక్కువ విషానికి ఆకుపచ్చ. ప్రయోగశాలలో జంతువు శరీరబరువు కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు నోటి ద్వారా ఇస్తే సగం జంతువులు చనిపోతాయో చూసి ఈ తరగతులను విభజించారు. 50 మిల్లీగ్రాముల వరకు ఎరుపు, 500 వరకు పసుపు, 5000 వరకు నీలం, అంతకు మించినది ఆకుపచ్చ. ఎరుపు తరగతికి మాత్రమే పుర్రె, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు.

అక్షరం రానివానికి కూడా అర్థం కావాలన్నది ఈ చిత్రం ఉద్దేశం. ఉద్దేశం ఉదాత్తమైనదే. అయితే రంగులు కూడా ఒక భాషే. ఆ భాష అన్ని నేలల మీదా ఒకేలా మాట్లాడదు. పాశ్చాత్యునికి ఎరుపు ఆగమని చెబుతుంది, పసుపు నిదానించమని చెబుతుంది. తెలుగింటి గడపకు పూసేది పసుపు, దాని మీద పెట్టేది కుంకుమ. శుభలేఖ నాలుగు మూలలా అద్దేది పసుపు. కొత్త నాగలికి, కొత్త ఎడ్లబండికి, చివరికి కొత్తగా కొన్న స్ప్రేయరుకు కూడా పల్లెలో పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొడతారు. మృత్యువుకు అతి సమీపంలో ఉన్న రెండు తరగతులకు ముత్తైదువల రంగులు దక్కాయి. ఇక ఆకుపచ్చ సంగతి వేరే చెప్పాలా? అది పైరు రంగు. ఆకుపచ్చ త్రిభుజమున్న మందు తాగినా ఏమీ కాదన్న భ్రమకు ఆ రంగే సగం కారణం. ఆకుపచ్చ అంటే విషం తక్కువని అర్థం, లేదని కాదు. ఈ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని రంగు చూపలేదు. అక్కడ మాట కావాలి.

ఆ బొమ్మ పరిమాణం గురించి కూడా నియమావళి చెప్పింది. కాగితం ముఖభాగంలో పదహారవ వంతుకు తగ్గకూడదట. పెద్ద డబ్బా మీద ఇది చాలినంత స్థలమే. కానీ పల్నాటి దుకాణాల్లో చిన్నరైతు కొనేది వంద మిల్లీలీటర్ల సీసా. దాని మీద కాగితం ఎనిమిది సెంటీమీటర్ల పొడవు, ఐదు సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుంటే మొత్తం నలభై చదరపు సెంటీమీటర్లు. పదహారవ వంతు రెండున్నర. అందులో సగం పై త్రిభుజం. అంటే పుర్రె, ఎముకలు, విషమన్న మాట కలిసి బొటనవేలి గోరంత చోటులో ఒదిగిపోవాలి. పెద్ద కాగితం కోసం గీసిన బొమ్మను అలాగే కుదించి చిన్న సీసాకు అంటిస్తే పుర్రె కళ్లు పూడిపోయి నల్లని చుక్కగా మిగులుతుంది. నియమం పాటించినట్లే. భయం మాత్రం కలగదు.

కుదించినప్పుడు తెలుగు లిపికి జరిగే నష్టం మరీ ఎక్కువ. రోమన్ అక్షరం ఒకే వరుసలో నిలబడుతుంది. తెలుగు అక్షరం అలా కాదు. తలకట్టు, గుడి, ఏత్వం పైన, ఒత్తు కింద, ఒక్కొక్కప్పుడు ఒత్తు కింద మరొక ఒత్తు. ఇంగ్లీషుకు సరిపడే అడ్డుకొలతలో తెలుగును ఇరికిస్తే పైవరుస ఒత్తులు కిందివరుస గుడులతో కలియబడతాయి. యూనికోడ్ ప్రమాణంలో 1991 నాటి మొదటి కూర్పు నుంచీ తెలుగుకు చోటు ఉన్నా, ముద్రణరంగం చాలాకాలం పాత ఫాంట్లతోనే నడిచింది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అక్షరాలు అర్థంలేని గుర్తులుగా మారేవి. ఆ బాధ తప్పించుకోవడానికి వాక్యాలనే బొమ్మగా మార్చి అతికించే అలవాటు వచ్చింది. బొమ్మగా మారిన అక్షరాన్ని దిద్దలేరు, పెద్దది చేస్తే అంచులు చెదిరిపోతాయి. తెర మీద నిండుగా కనిపించిన చిత్రానికి అంగుళానికి డెబ్బై రెండు చుక్కలు ఉంటే చాలు. ముద్రణకు మూడు వందలు కావాలి. ఈ తేడా తెలియని చేతిలో పడిన కాగితం అచ్చయి వచ్చేసరికి అలికినట్లు ఉంటుంది. నేడు అదే కాగితాన్ని ఫోనులో ఫోటో తీసి ఒకరికొకరు పంపుకుంటున్నారు. చేతులు మారినకొద్దీ అది ఇంకా కుదించుకుపోతుంది.

ఇక నకలు యంత్రం సంగతి. రంగుల కరపత్రాన్ని నలుపు తెలుపుల్లో నకలు తీస్తే పసుపు దాదాపు మాయమవుతుంది. ఎరుపు, నీలం రెండూ ముదురు బూడిదరంగులోకి దిగుతాయి. మొదటి తరగతి విషమూ మూడవ తరగతి విషమూ ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు వాటిని వేరుచేసి చెప్పవలసిన భారమంతా మాట మీద పడుతుంది.

ఆ మాటలు ఏమిటి? ఎరుపు, పసుపు తరగతులు రెండింటికీ విషం. నీలానికి ఇంగ్లీషులో ఉన్న హెచ్చరికను తెలుగులో సాధారణంగా ప్రమాదం అంటాము. ఆకుపచ్చకు జాగ్రత్త. ప్రమాదమన్న మాట చరిత్ర చిత్రమైనది. సంస్కృతంలో దాని అర్థం ఏమరుపాటు. మనిషి లోపల జరిగే పొరపాటు అది. కాలక్రమంలో తెలుగులో అది బయట జరిగే దుర్ఘటన అయింది. రోడ్డు మీద లారీ బోల్తాపడితే ప్రమాదం జరిగిందంటాము. జరిగిపోయినదానికి వాడే మాటను జరగబోయేదానికి హెచ్చరికగా పెడితే దాని పదును తగ్గుతుంది. అపాయమన్న మాట పల్లెలో ఇంకా బతికే ఉంది. పాము ఉన్న పొద దగ్గరికి పోవద్దని చెప్పేటప్పుడు వచ్చే మాట అది. హెచ్చరికకు అదే తగినదని అనిపిస్తుంది.

కానీ అసలు చిక్కు ఈ మూడు మాటల్లో లేదు. సీసాకు ప్రజలు పెట్టుకున్న పేరులోనే ఉంది. ఇంగ్లీషు పేరులో చంపడమన్న అర్థం తోకలా వెంట ఉంటుంది. తెలుగువాడు దానిని మందు అన్నాడు. ఇది అచ్చమైన ద్రావిడ పదం. తమిళంలో మరుందు, మలయాళంలో మరున్ను, కన్నడంలో మద్దు దీని తోబుట్టువులు. రోగం కుదిర్చేది మందు. తుపాకిలో దట్టించేది మందు. దీపావళి టపాకాయలో ఉన్నదీ మందే. కల్లు, సారా మందే. ఎవరినైనా వశం చేసుకోవడానికి రహస్యంగా అన్నంలో కలిపేదీ మందే. పల్నాటి పల్లెల్లో ఎరువుల బస్తాలను సైతం మందుకట్టలంటారు. మేలు చేసేది, కీడు చేసేది, మత్తెక్కించేది, పేలిపోయేది అన్నీ ఒకే రెండక్షరాల గొడుగు కిందికి వచ్చాయి. భాషాశాస్త్రజ్ఞునికి ఇది ఆనందం కలిగించే అర్థవ్యాప్తి. ఆసుపత్రి వైద్యునికి అంత ఆనందం కలగదు. ‘మందు కొట్టాడు’ అంటే చేలో చల్లాడనీ అర్థమే, తాగాడనీ అర్థమే. ‘మందు తాగాడు’ అన్న వార్త ఊళ్లోకి వస్తే ఆ మాట చెప్పేవాని గొంతును బట్టి మాత్రమే అది ఏ మందో తెలుస్తుంది. ఆ గొంతులను పల్నాడు విన్నది.

మందు అన్న పేరు నమ్మకాన్ని వెంటబెట్టుకొని వస్తుంది. జ్వరం తగ్గకపోతే ఒక మాత్ర ఎక్కువ వేసుకున్నట్లు, పురుగు చావకపోతే ఒక మూత ఎక్కువ పోస్తారు. బిడ్డకు మందు పట్టే తల్లి చేతికి తొడుగు వేసుకోదు కదా! పైరుకు మందు పట్టే రైతు మాత్రం ఎందుకు వేసుకోవాలి? రెండు మూడు రకాలు కలిపి ఒకే ట్యాంకులో పోయడం వెనుక కూడా పాతకాలపు కషాయాల వాసన ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత తెలుగువారికి ఉండనే ఉంది. ఆ సామెతను సీసా మీద ఎవరూ ముద్రించలేదు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా పత్తిచేలలో మందు చల్లుతూనే విషప్రభావానికి లోనై ఇరవై మంది వరకు రైతులు, కూలీలు చనిపోయారు. వారు తాగలేదు. ఊపిరితో, చర్మంతో లోపలికి తీసుకున్నారు. ‘పురుగుమందు’ బదులు ‘పురుగువిషం’ అని పిలవడం మొదలుపెడితే ఏమవుతుందన్న ప్రశ్న వేసుకోదగినది. నలుగురి నోట నలిగిన మాటను శాసనంతో మార్చలేము గాని, సీసా మీద ఆ పేరు పెద్ద అక్షరాలలో వేయడానికి అడ్డు ఏముంది?

మాటల తరువాత వాక్యం. ఇంగ్లీషులో వద్దని చెప్పదలిస్తే ఆ నిషేధం వాక్యం మొదటే నిలుస్తుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఆ క్రియకు చివర నిషేధం తగులుకుంటుంది. ‘కలపవలెను’, ‘కలపరాదు’ అన్న రెండు ఆజ్ఞలకు మొదటి మూడక్షరాలు సమానం. ప్రాణం ఉన్నది ఆ తోకలోనే. కాగితం గుండ్రని సీసాకు చుట్టుకున్నప్పుడు వాక్యం చివరిభాగం అతుకు కిందికి పోవచ్చు. మడత మీద సిరా రాలిపోవచ్చు. మందుచుక్క కారి అక్షరాలు చెరిగిపోవచ్చు. పొరపాటున మింగినవానికి వాంతి చేయించాలా వద్దా అన్నది మందును బట్టి మారుతుంది. ద్రావకంలో కలిపిన కొన్ని మందులు వాంతితో పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి దిగి మరింత కీడు చేస్తాయి. ‘వాంతి చేయించరాదు’ అన్న వాక్యంలో చివరి రెండక్షరాలు పోతే మిగిలేది దానికి సరిగ్గా వ్యతిరేకమైన ఆలోచన. ఏ వ్యాకరణ గ్రంథమూ ఈ ప్రమాదాన్ని ఊహించలేదు. వ్యాకర్తల కాలంలో వాక్యాలు తాటాకు మీద ఉండేవి, సీసా మీద కాదు. దీనికి ఉపాయం కష్టమైనది కాదు. ‘వద్దు’ అన్న మాటను వాక్యానికి ముందుకు తెచ్చి, దాని పక్కన గీత గీసి, వద్దన్న పనిని ఆ తరువాత చెప్పవచ్చు. మన అమ్మలు నిప్పు దగ్గరికి పోయే పిల్లవానికి అలాగే చెబుతారు. ముందు ‘వద్దు’, తరువాత మిగిలిన వాక్యం.

చదువుకున్నవారు కూర్చిన పారిభాషిక పదాలు మరొక కథ. శిలీంధ్రనాశిని అన్న మాట తీసుకోండి. ప్రాచీన కావ్యాల వర్షర్తు వర్ణనల్లో శిలీంధ్రాలు అంటే నేలను చీల్చుకొని వచ్చే పుట్టగొడుగులు. కమ్మని మాట. మిరప ఆకు మీద బూడిదలా పరచుకున్న తెగులు చూస్తున్న రైతుకు ఆ మాటతో పని జరగదు. ‘బూడిద తెగులు మందు’ అంటే జరుగుతుంది. ‘గాలికి అభిముఖంగా పిచికారీ చేయరాదు’ అన్నది శుద్ధమైన వాక్యమే. ‘గాలికి ఎదురుగా కొట్టవద్దు’ అన్నది చేలో వినపడే వాక్యం. చివరి మందుకూ కాయకోతకూ మధ్య ఉండవలసిన గడువును ‘వేచియుండు కాలము’ అంటే ఎవరు, దేనికోసం వేచి ఉండాలో తెలియదు. ‘మందు కొట్టిన ఇన్ని రోజుల దాకా కాయ కోయవద్దు’ అంటే అరమరికలు లేవు. ‘ఖాళీ డబ్బాలను నాశనం చేయవలెను’ అన్నదీ అటువంటిదే. ఎలా నాశనం చేయాలి? చిల్లులు పొడిచి, బావికీ కాలువకూ దూరంగా పాతిపెట్టమని చెప్పకపోతే ఆ డబ్బా కడిగిన తరువాత ఇంట్లో నూనెడబ్బా అవుతుంది. విస్తరించి రాయడానికి చోటు లేదని అంటారు. నిజమే. సంస్కృత సమాసం చోటు తక్కువ తీసుకుంటుంది. అర్థం కాకపోవడానికి ఎంత చోటు ఇచ్చినా వృథాయే.

పల్లె మాటలు ఎక్కడా దొరకవని చెప్పడానికి వీలులేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటమే వ్యవసాయ పదాలది. ఊరూరా తిరిగి రైతుల నోటి నుంచి ఏరుకొచ్చిన మాటలవి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి శాస్త్రాలకు పారిభాషిక పదాలు సమకూర్చింది. 1969లో మొదలైన అన్నదాత మాసపత్రిక దశాబ్దాలపాటు శాస్త్రజ్ఞుని మాటను రైతు మాటకు దగ్గర చేసింది. దారులు ఉన్నాయి. సీసా మాత్రం ఆ దారిలో నడిచినట్లు కనపడదు.

రైతు మాట ఎంత నిక్కచ్చిగా ఉంటుందో చూడాలంటే మిరపతోటలోకి పోవాలి. పుస్తకం ఆకుముడత అని ఊరుకుంటుంది. పల్నాటి రైతు పైముడత, కిందిముడత అని రెండుగా విడదీస్తాడు. ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే పైముడత. అది తామరపురుగు పని. అంచులు కిందికి వంగి బోర్లించిన పడవలా అయితే కిందిముడత. అది నల్లి పని. నల్లి కీటకమే కాదు. దానికి ఎనిమిది కాళ్లు. ఒకదాని మందు రెండవదానికి పనిచేయకపోగా, కొన్ని మందులు నల్లిని పెంచుతాయి కూడా. ఇంత శాస్త్రం ఆ రెండు మాటల్లో ఇమిడి ఉంది.

ఇప్పుడు ఈ ముడతలను బొమ్మలో చూపవలసి వచ్చిందనుకుందాం. పుటలో చోటు చాలక ఆకు కాడను కత్తిరించి, ఆకును మాత్రం చదరంలో బిగిస్తారు. కాడ లేని ఆకుకు పై ఏదో కింద ఏదో తెలియదు. అందం కోసమో, ఖాళీ పూరించడానికో ఆ బొమ్మను తలకిందులు చేశారా, పడవ బోర్లపడుతుంది. తామరపురుగు నల్లి అవుతుంది. ఒక్క చిత్రాన్ని తిప్పినందుకు ఎకరాల తోట మీద పనికిరాని విషం పడుతుంది. ఆ పురుగు బొమ్మ సంగతీ అంతే. తామరపురుగు నిజానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు. కరపత్రంలో అది తేలంత ఉంటుంది. ఎన్ని రెట్లు పెంచారో పక్కన చెప్పకపోతే, ‘ఇంత పురుగు మా తోటలో లేదులే’ అనుకొని రైతు నిశ్చింతగా ఇంటికి పోవచ్చు. పక్కన ఒక మిరపగింజను అదే కొలతలో చూపితే చాలు. 2021లో నల్ల తామరపురుగు అనే కొత్త రకం పూతలో చేరి గుంటూరు సీమ మిరపను ఊడ్చినప్పుడు ఆ చిన్న ప్రాణి ఎలా ఉంటుందో, పాతదానికి దీనికి తేడా ఏమిటో రైతుకు వెంటనే తెలియవలసి వచ్చింది. అప్పటికి ఫోనులో తిరిగిన చిత్రాలే పలువురికి పాఠాలు. అవి ఎంత స్పష్టంగా ఉన్నాయన్నదానిని బట్టి రైతుల ఖర్చు ఉంటుంది.

అరుగు మీది తండ్రీకూతుళ్ల దగ్గరికి మళ్లీ వద్దాము. దీపం వెలిగింది. ఆ అమ్మాయి పాత నోటుపుస్తకంలో ఒక పుట చించింది. కాగితంలోని హెక్టార్లను లీటర్లు చేసి, లీటర్లను ట్యాంకు చేసింది. తమ్ముని దగ్గుమందు సీసాతో వచ్చిన కొలతగిన్నెను అడిగితే తల్లి ఇవ్వనన్నది. ‘దానితో ఇది కొలుస్తారటే?’ అని కసిరింది. తల్లి కాగితం చదవలేదు. చదవనక్కర లేకుండానే ఆమెకు తెలిసిన తేడా అది. పాత సూదిమందు సిరంజి ఒకటి తెచ్చి, దీన్ని ఇంక దేనికీ వాడవద్దని చెప్పి దానికి ఎర్రదారం కట్టింది.

అమ్మాయి నాలుగు పంక్తులు రాసింది. ట్యాంకుకు ముప్పై రెండు. గాలికి ఎదురుగా కొట్టవద్దు. కొట్టేటప్పుడు బీడీ, నీళ్లు, అన్నం ముట్టుకోవద్దు. తల తిరిగినా, చూపు మసకబారినా సీసా తీసుకొని ఆసుపత్రికి పోవాలి. తండ్రి ఆ పుటను దీపం దగ్గర పెట్టుకొని కూడబలుక్కున్నాడు.

“ఈ ‘వద్దు’ అనేది చివర పెట్టావేందమ్మా? ముందు రాయి. ఇంకొంచెం పెద్దగా.”

ఆమె ఆ పుటను పక్కన పెట్టి మరొకటి చించింది.